ప్రతి బంతీ ఆమె చేతికే

జూన్ పదకొండో తేదీ, మంగళవారం, సాయంత్రం ఐదు గంటల ఇరవై నిమిషాలకు ఇది మొదలైంది. ప్రాక్టీసు హాజరు రాసే నోటుబుక్కులో ఆ రోజు పేజీ మీద "5.20, ఆట ఆగింది" అని నా దస్తూరీలోనే ఉంది.

ఆట ఆపినవాడు ఒక కోచ్. ఆఫీసర్ల కాలనీల పిల్లలకి బాస్కెట్‌బాల్ నేర్పే అకాడమీ అతనిది. వయసు నలభై అయిదు దాటదు. మెడలో విజిలు, చేతిలో ఫోను. మైదానం కమిటీ సెక్రటరీని వెంటబెట్టుకుని తిన్నగా కోర్టు మధ్యలోకి నడిచొచ్చి, మా పిల్ల చేతిలో ఉన్న బంతిని అడగకుండా తీసుకున్నాడు.

ఉక్కు ఫ్యాక్టరీ ఉన్న మా హిందీ ఊళ్లో, బర్మామైన్స్ పేటలో రైలు పట్టాల వైపు ఉన్న ఆ సిమెంటు కోర్టులో మా ఆడపిల్లలు పదకొండేళ్లుగా సాయంత్రం ఐదు నుంచి ఏడు వరకు ఆడుతున్నారు. ఆ వేళ ఇక తన అకాడమీకి కావాలన్నాడు. మాకు మధ్యాహ్నం రెండు నుంచి మూడున్నర ఇస్తారట. మధ్యాహ్నం రెండింటికి మా పిల్లల్లో సగం మంది బడిలో ఉంటారు, సగం మంది పనిలో ఉంటారు. పైగా ఎండాకాలం ఆ వేళకి ఆ సిమెంటు మీద చెప్పుల్లేకుండా అడుగు పెట్టలేం. రెండు గంటల వేళ ఇవ్వడమంటే జట్టు ఎత్తేయమని చెప్పడమే. ఆ మాటే అన్నాను.

అతను నవ్వాడు. "మేడమ్‌జీ, ఆప్ బైఠ్‌కర్ హిసాబ్ రఖియే. ఖేల్ హమ్ పర్ ఛోడియే" అన్నాడు. మీరు కూర్చుని లెక్కలు రాసుకోండి, ఆట సంగతి మాకు వదిలేయండి అని. ఆ తర్వాత మా జట్టులో అందరికన్నా పొడుగైన అమ్మాయి వైపు గడ్డం ఎత్తి, "ఔర్ ఇస్ భైంస్ కో ఘర్ భేజియే" అన్నాడు. ఈ గేదెని ఇంటికి పంపండి.

ఆ అమ్మాయి తడుముకోలేదు. "సర్, భైంస్ తో దూధ్ దేతీ హై. ఆప్ క్యా దేతే హై?" అంది. గేదె పాలైనా ఇస్తుంది, మీరేం ఇస్తారు అని. పిల్లలు పడీ పడీ నవ్వారు. సెక్రటరీ కూడా నవ్వాడు. నేను నవ్వలేదు. నాకు డెబ్భై రెండేళ్లు. ముప్పై నాలుగేళ్లు బడిలో లెక్కలు చెప్పాను. వయసులో ఉన్నప్పుడు ఇదే ఊళ్లో ఆడవాళ్ల జట్టులో ఆ పొడుగమ్మాయి నిలబడే చోటే నేనూ నిలబడేదాన్ని. అప్పట్లో నన్నూ ఆ మాటే అన్నారు. అన్నవాళ్ల ముఖాలు నాకు ఇప్పటికీ గుర్తే.

"ఆడి తీసుకో" అన్నాను హిందీలో. "మీ పిల్లలు, మా పిల్లలు. ఒకే ఒక్క మ్యాచ్. గెలిచినవాళ్లకి ఐదు నుంచి ఏడు. ఓడినవాళ్లకి మధ్యాహ్నం."

సెక్రటరీ తలూపాడు. గొడవ తన నెత్తి మీద నుంచి దిగిపోతే చాలు అతనికి. దుర్గా పూజ అయ్యాక ఆడదామని ఒప్పుకున్నారు. అంతవరకు ఆ వేళ మాదే.

ఆ రోజు ఇంటికి వెళ్లి అన్నం తినకుండా రెండేళ్ల నోటుబుక్కులు ముందేసుకుని కూర్చున్నాను. అతన్ని ఓడించడం ఒక్కటే చాలదనిపించింది. ఎవరిని గేదె అన్నాడో ఆమె చేతుల మీదుగానే ఓడించాలి. ప్రతి బుట్టా ఆమె వెయ్యాలి, ప్రతిసారీ అతను చూడాలి.

ఆమె గురించి చెప్పాలి. ఇక్కడ స్థిరపడ్డ తెలుగువాళ్ల పిల్ల, ఊరి అవతల పర్సుడీహ్‌లో పుట్టింది. తండ్రి రైల్వేలో గ్యాంగ్‌మన్. పదమూడో ఏట నా దగ్గరకి వచ్చినప్పుడే నా భుజం దాటింది. ఇప్పుడు ఇరవై నాలుగేళ్లు, ఆరడుగుల ఒక అంగుళం. ఆసుపత్రి గేటు దగ్గర లేడీ గార్డు, పొద్దున ఆరు నుంచి రెండు డ్యూటీ. ఆ ఫిబ్రవరిలోనే పెళ్లయి బర్మామైన్స్‌కి కోడలిగా వచ్చింది. మా ఆటలో ఆమెది పివట్ స్థానం. రింగు కింద ఎదుటి జట్టు పిల్లకి వీపు ఆనించి నిలబడి, బంతి అందుకుని, గిర్రున తిరిగి వెయ్యాలి. ఆ తిరగడం ఆమెకి నేను నేర్పాను. దాన్ని నాకన్నా బాగా చేసేది.

అత్తగారు కోడల్ని కోర్టుకి పంపడానికి ఒక షరతు పెట్టింది. ఆవిడది తుని పక్క ఊరు. స్టేషన్ రోడ్డులో ఇడ్లీ బండి నడుపుతుంది. "ఆట ఆడుకో, నేనేం అనను. మా ఇంటి నోములు మాత్రం ఒక్కటి తప్పకూడదు" అందట. ఆ మాట నాకు జూన్‌లోనే తెలుసు. విని ఊరుకున్నాను. నేను పెళ్లి చేసుకోలేదు, నోములు పట్టలేదు. మాది పలాస దగ్గర. మా అమ్మ కూడా ఆ తునివాళ్ల నోములేవీ పట్టినట్టు గుర్తు లేదు.

బంతిని కింద కొట్టుకుంటూ ముందుకి తెచ్చే పిల్ల ఆమె ఆడపడుచే. పంతొమ్మిదేళ్లు, అయిదడుగుల రెండంగుళాలు, కాళ్లలో మంట ఉన్నట్టు పరిగెత్తేది. ఇంట్లో వదినా మరదళ్లకి కుళాయి దగ్గర మొదలయ్యే తగువు కోర్టు దాకా నడిచొచ్చేది.

"వదినా, పట్టు! ఇత్తన్నాను!"

"ఇంట్లో నీళ్ల బిందె ఇయ్యమంటే ఇయ్యవు. ఇక్కడ బంతి ఇత్తన్నావా, మహాతల్లీ?"

"బిందె కన్నా బంతి తేలికే వదినా. నీకు రెండూ పట్టడం రాదు గాని."

"రావే, దగ్గరికి రా. నిన్నే ఎత్తి బుట్టలో ఏసేత్తాను."

నా పథకం ఒక్క మాటలో చెప్పేయొచ్చు. ప్రతి బంతీ ముందు ఆమె చేతికి వెళ్లాలి. నోటుబుక్కుల లెక్క అలా చెప్పింది. రెండేళ్లలో లోపల నుంచి ఆమె వేసినవి వందకి అరవై ఒకటి పడ్డాయి. బయట నుంచి మిగతావాళ్లు వేసినవి వందకి ఇరవై రెండు. ఇరవై రెండు కోసం అరవై ఒకటిని వదులుకోవడం ఏ లెక్కలోనూ కుదరదు. ఇద్దరు కలిసి ఆమెని చుట్టుముడితే ఆమె బయటికి విసరాలి. అందుకున్నవాళ్లు వెయ్యకూడదు. ఆమె మళ్లీ చోటు చేసుకునేదాకా ఆగి, మళ్లీ ఆమెకే ఇవ్వాలి. రింగు ముందు గీతల లోపల మూడు సెకన్లకి మించి నిలబడితే తప్పు కాబట్టి, నేను బయట నుంచి "ఒకటి, రెండు" అని అరిచేదాన్ని. రెండు అనేసరికి ఆమె తిరిగెయ్యాలి, లేకపోతే బయటికి అడుగెయ్యాలి.

బయట నుంచి వేసినవాళ్లకి శిక్ష, కోర్టు చుట్టూ నాలుగు రౌండ్లు. జులైలో ఒకరోజు ఆడపడుచుకి ఎదురుగా ఎవరూ లేక వేసేసింది. బంతి శుభ్రంగా పడింది. నేను విజిలు ఊది రౌండ్లు కొట్టమన్నాను.

"మేడమ్, గిరా తో!" అంది ఆ పిల్ల. పడింది కదా అని. మా కుర్రకారు తమలో తెలుగు మాట్లాడుకున్నా, నేను తెలుగులో అడిగితే హిందీలోనే జవాబు చెబుతారు.

"పడిందా అని అడగలేదు. ఎవరు వెయ్యమన్నారని అడుగుతున్నాను."

"హాతోఁ మే ఆ గయా థా, మేడమ్." చేతికొచ్చేసింది అని.

"చేతికొస్తే వదిన చేతికివ్వు. పరిగెత్తు."

పరిగెత్తింది. మూడో రౌండులో వాళ్ల వదిన కూడా పక్కన చేరి, "నాను కూడా వత్తన్నా, ఒక్కదాన్నీ సూత్తే జాలేత్తంది" అంటూ పెద్ద పెద్ద అంగలతో ఆమె వెంట వెళ్లింది. ఆ తర్వాత బయట నుంచి ఎవరూ వెయ్యలేదు. ఆగస్టు ఆఖరుకి నా పుస్తకంలో ఆ గడి ఖాళీగా ఉండేది. అది చూసుకుని సంతోషించేదాన్ని.

కోచ్ అప్పుడప్పుడు వచ్చి కంచె అవతల నిలబడి మా ఆటని ఫోనులో వీడియో తీసుకునేవాడు. పిల్లలు గొణిగితే తీసుకోనీమన్నాను. దాచాల్సిందేమీ లేదు. మా దగ్గర ఉన్నది ఒకటే. అది తెలిసినా ఆపలేకపోవడం అతనికి ఇంకా ఎక్కువ మండాలి. ఒకసారి అడిగాడు కూడా. "ఏక్ హీ దవా హై ఆప్ కే పాస్, మేడమ్‌జీ?" అన్నిటికీ ఒకే మందా అని.

"రోగం కూడా ఒకటే కదా" అన్నాను.

తేదీ నేనే పెట్టాను. సెప్టెంబరు పద్నాలుగున సెక్రటరీ గుమాస్తా గదిలో కూర్చున్నాం. గోడకి హిందీ క్యాలెండర్ వేలాడుతోంది. పూజ పందిరి ఊడదీసి కోర్టు ఖాళీ అయ్యేది అక్టోబరు పదహారుకి. ఇరవై ఆదివారం కర్వా చౌత్, ఆ రోజు ఇక్కడి ఆడవాళ్లు పొద్దంతా నీళ్లు కూడా ముట్టరు. తల్లులు పిల్లల్ని పంపరు, పాయింట్లు రాసే ఆవిడ రాదు. ఆ పైన దీపావళి, ఆ పైన ఇక్కడివాళ్ల ఛఠ్ పూజ. అన్నీ చూసి పంతొమ్మిది శనివారం మధ్యాహ్నం మూడున్నర అని రాశాను.

"శనివార్?" అన్నాడు కోచ్. కాస్త ఆగి, "పక్కా, మేడమ్‌జీ?"

"రాసేశాను" అన్నాను.

అతను సంతకం పెట్టాడు. రెండోసారి ఎందుకు అడిగాడో అప్పుడు ఆలోచించలేదు.

మ్యాచ్ ముందు రోజు శుక్రవారం ప్రాక్టీసుకి మా తెలుగు పిల్లలు నలుగురూ అరచేతులు ఎర్రగా పండించుకుని వచ్చారు. బంతి జారిపోతుందని కసిరాను. "ఆరిపోయింది టీచరమ్మా, జారదు" అంది మా పివట్. ఆ వారమంతా బజారులో కర్వా చౌత్ మెహందీ పెట్టేవాళ్లే. వాళ్లని చూసి మావాళ్లూ సరదా పడ్డారనుకున్నాను. వదినా మరదళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అది కూడా చూశాను.

మ్యాచ్‌కి రెండు వందల మంది పైగా వచ్చారు. పిల్లలు తడి గోనెసంచులతో ఎర్ర దుమ్ము తుడిచారు. మూడూ ముప్పై అయిదుకి బంతి లేచింది.

మొదటి సగం ఎలా ఉండాలని నేను జూన్ నుంచి అనుకుంటున్నానో అచ్చం అలాగే ఉంది. ఆడపడుచు బంతి తెచ్చింది, లోపలికి ఇచ్చింది, వదిన తిరిగింది, వేసింది. మళ్లీ. మళ్లీ. అకాడమీ పిల్లలు ఇద్దరు ఆమె మీద పడ్డారు, ముగ్గురు పడ్డారు. ఆమె వాళ్ల తలల మీద నుంచి వేసింది. మొదటి పది నిమిషాలకి పద్నాలుగు, తొమ్మిది. సగం ఆట అయ్యేసరికి ముప్పై, ఇరవై ఒకటి. ముప్పైలో ఇరవై రెండు ఆమెవే. ప్రతి బుట్టకీ నేను ఆటని కాదు, అతని ముఖాన్ని చూశాను. మొదట నవ్వు పోయింది. తర్వాత రంగు పోయింది. నా జీవితంలో అంత హాయిగా ఉన్న ఇరవై నిమిషాలు మరి లేవు. ఇప్పుడు కూడా ఆ మాట మార్చను.

విరామంలో నీళ్ల సీసాలు పంచుతుంటే ఆమె చెయ్యి వెనక్కి లాక్కుంది. సీసా అందించబోతే నా వేళ్లు ఆమె చేతికి తగిలాయి. అంత ఆట ఆడిన చెయ్యి చల్లగా ఉంది. పెదాలు తెల్లగా ఎండిపోయి ఉన్నాయి.

"ఏటమ్మా, తాగవేం?"

ఆడపడుచు చెప్పింది, ఈసారి తెలుగులోనే. "ఈయాల అట్లతద్ది, మేడమ్. వదినకి పెళ్లయ్యాక మొదటి తద్ది. సెందురుణ్ణి సూసేదాకా నీళ్లు ముట్టకూడదు. నాలుగింటికి లెగిసి సద్దన్నం తిన్నాది. అంతే."

"నువ్వూ తాగలేదా?"

"నాను దొంగతనంగా తాగేసినాను."

అట్లతద్ది. ఆశ్వయుజ మాసం పున్నమి వెళ్లిన మూడో రోజు. హిందీవాళ్ల కర్వా చౌత్ నాలుగో రోజు. పరాయివాళ్ల ఉపవాసం తప్పించి, కచ్చితంగా దానికి ఒక రోజు ముందుకి మ్యాచ్ జరిపాను. గోడ మీదున్న హిందీ క్యాలెండర్‌లో అది లేదు. నా బుర్రలోనూ లేదు.

"నెల రోజుల నుంచి తెలుసు కదా. నాకెందుకు చెప్పలేదు?"

"మీరు తేదీ రాసేసినారు కదా, టీచరమ్మా" అంది ఆమె. నెమ్మదిగా, నన్ను ఓదార్చినట్టు. "మీరు రాసిందేదీ కొట్టెయ్యరు కదా. ఇంకెంత, ఇరవై నిమిషాలే. నెత్తి మీద పొయ్యండి, గొంతులోకి వద్దు. ఆడేత్తాను."

నెత్తి మీద రెండు సీసాలు కుమ్మరించారు. తొమ్మిది పాయింట్లు ముందున్నాం. పది నిమిషాలు ఆమెని కూర్చోబెట్టొచ్చు. ఆ మాట నా నోటి దాకా వచ్చింది. అప్పుడే అవతల బెంచి నుంచి అతని గొంతు వినపడింది. "భైంస్ థక్ గయీ. అబ్ దేఖో." గేదె అలిసిపోయింది, ఇక చూడండి అని తన పిల్లలకి చెబుతున్నాడు.

"వెళ్లు" అన్నాను.

మూడో భాగంలో ఆమె పరిగెత్తడం మానేసింది. నడిచింది. అయినా బంతి ఆమెకే వెళ్లింది, ఎందుకంటే మిగిలినవాళ్లకి వేరే పని తెలియదు. ఫ్రీ త్రోలు నాలుగు వేస్తే నాలుగూ రింగు దాకా వెళ్లలేదు. పిక్క పట్టేసి ఒకసారి ఒంటికాలి మీద నిలబడే బంతి అందుకుని వేసింది. అది పడింది. జనం గోల చేశారు. నేను "ఒకటి, రెండు" అని అరుస్తూనే ఉన్నాను. నలభై ఒకటి, ముప్పై ఎనిమిది. నాలుగో భాగంలో ఆమె ఇంకో ఆరు పాయింట్లు వేసింది. నలభై తొమ్మిది, నలభై అయిదు ఉండగా, ఇంకా మూడు నిమిషాల పన్నెండు సెకన్లు మిగిలుండగా, ఆమె పడిపోలేదు. పీట మీద కూర్చున్నట్టు మెల్లగా నేల మీద కూర్చుంది. మళ్లీ లేవలేదు.

ఆమెని బెంచి మీదకి మోసుకొచ్చారు. ఆమె చోట నిలబడడం కాస్తయినా నేర్చుకున్నది పదిహేనేళ్ల పిల్ల ఒకతే, ఆమె భుజం దాకా కూడా రాదు.

ఆ మూడు నిమిషాలు నా పుస్తకంలో ఉన్నాయి. మా పిల్లలు బంతిని ఒకరికొకరు ఇచ్చుకున్నారు. లోపలికి చూశారు. లోపల ఎవరూ లేరు. మళ్లీ ఇచ్చుకున్నారు. ఎదుటివాళ్లు వదిలేసి దూరంగా నిలబడ్డారు, వెయ్యరని కనిపెట్టేశారు. ఒక ఫౌల్ మీద వచ్చిన ఫ్రీ త్రో ఒక్కటే పడింది. యాభై. వాళ్లు ఆరు వేశారు. యాభై ఒకటి.

తొమ్మిది సెకన్లు ఉండగా ఆడపడుచు బంతి లాక్కుని ఒక్కతే రింగు దాకా వెళ్లిపోయింది. ఎడమ పక్క, నాలుగడుగుల దూరం, చుట్టూ రెండు బారల వరకు ఎవరూ లేరు. చెయ్యెత్తితే చాలు. వెయ్యమని జనం మొత్తం అరుస్తున్నారు. నేను కూడా అరిచాను. ఆ పిల్ల ఆగింది. మెడ తిప్పి, వదిన ఎప్పుడూ నిలబడే చోటుకి చూసింది. అటే ఇచ్చింది. అక్కడికి పదిహేనేళ్ల పిల్ల ఇంకా చేరుకోలేదు. బంతి గీత దాటి, కంచెకి తగిలి ఆగింది. ఆఖరి విజిలు కూడా అప్పుడే వేశారు.

ఆ పిల్లని తిట్టినవాళ్లున్నారు. నేను తిట్టలేదు. నేను తొంభై మూడు రోజుల ప్రాక్టీసులో నేర్పిందే ఆమె చేసింది.

బెంచి దగ్గర ఇంకొక పని మిగిలుంది. మా పివట్ కళ్లు తెరిచి ఉంది, పళ్లు బిగించి ఉంది. నీళ్లు వద్దంటోంది. చంద్రోదయం ఏడు గంటల లోపు కాదు. అప్పటికి అయిదయింది. గుంపులోంచి ఒకావిడ దిగి వచ్చి ఆమె పాదాలు ఒళ్లో పెట్టుకుని పిక్కలు రాయడం మొదలుపెట్టింది. అరచేతులు ఎర్రగా పండి ఉన్నాయి, పెదాలు ఆవిడవీ ఎండిపోయే ఉన్నాయి. కోచ్ భార్య. ఆవిడ తెలుగావిడని నాకు ఆ క్షణం దాకా తెలియదు.

"నేనాయనకి ముందే చెప్పానండి, శనివారం తద్ది అని" అంది తలెత్తకుండా. "మీ తెలుగువాళ్ల పండగ, వాళ్లకి తెలిసే పెట్టుకుని ఉంటారులే అన్నారు."

ఆ వాక్యం ఆ రోజు పేజీ మీద రాసుకున్నాను. తెలిసే సంతకం పెట్టాడు. తెలిసే "పక్కా" అని అడిగాడు. తెలిసే విరామంలో నాకు వినపడేలా ఆ మాట అన్నాడు. ఇవి మూడు.

అయిదూ ఇరవై అయిదుకి అత్తగారు వచ్చింది. ఎవరో పరిగెత్తి చెప్పారట. చేతికి అట్ల పిండి అంటుకుని ఉంది. నేను పక్కకి జరిగి, తిట్లకి సిద్ధపడ్డాను. ఆవిడ నన్ను చూడలేదు. కోడలి తల ఎత్తి పట్టుకుని, ఎడం చేత్తో సీసా మూత తీసి, "తాగు" అంది.

"అత్తా, సెందురుడు..."

"చంద్రుడెక్కడికీ పోడు. తద్ది వచ్చే ఏడూ వస్తాది. తాగవే, నా తల్లి కదూ."

ఆమె తాగింది. సగం బయటికి కారిపోయింది. రెండో సీసా కూడా తాగింది.

అప్పుడు ఆవిడ నా వైపు తిరిగింది. "టీచరమ్మగారూ, మా ఇల్లు ఇక్కడికి నాలుగు సందులు. నా నంబరు మీ పుస్తకంలో ఉంది. ఒక్క ఫోను చేసుంటే అప్పుడే తాగించేద్దును. పిల్ల కంటే నోమెక్కువా నాకు?"

ఆవిడ ఖాళీ సీసాకి మూత బిగించి పక్కన పెట్టింది.

"లెక్కలు చెప్పినోరు, ఏ తిథి ఎప్పుడో లెక్క కట్టుకోలేకపోయారు. సరే, మనిషన్నాక మర్చిపోతాం. కానీ తెలిశాక కూడా ఆడించారు. చెయ్యి పట్టుకుని చూసి మరీ ఆడించారు, నా కూతురు చెప్పింది. కోర్టుకి ఇంక పంపను. తద్ది కోసం కాదండి. మీ కోసం."

కోడలు ఏదో అనబోయింది. అత్తగారు ఆమె తల మీద చెయ్యి వేసింది. ఆ ముగ్గురూ ఆటోలో వెళ్లారు. మళ్లీ కోర్టు వైపు రాలేదు. నవంబరులో రెండుసార్లు ఆసుపత్రి గేటు దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. ఆమె నన్ను చూసి లేచి నిలబడి, రోగుల బంధువుల్ని అడిగినట్టే, "ఎవరి కోసం వచ్చారండి?" అంది. రెండోసారి కూడా అదే అంది.

ఆ కోచ్ బాకీ మాత్రం నాకింకా తీరలేదు. సోమవారం నుంచి శనివారం దాకా సాయంత్రం అయిదుకి కంచె బయట కుర్చీ వేసుకుని కూర్చుంటాను. బయట కూర్చోవద్దనే అధికారం కమిటీకి లేదు, అడిగి తెలుసుకున్నాను. అతను ఎన్ని గంటలకి వచ్చాడు, ఎన్ని నిమిషాలు ఫోనులో ఉన్నాడు, ఎంతమంది పిల్లలు బంతి ముట్టకుండా ఇంటికి వెళ్లారు, అన్నీ రాస్తాను. శనివారం శనివారం ఆ కాగితం జిరాక్సు తీయించి, పిల్లల్ని తీసుకెళ్లడానికి వచ్చే తల్లులకి గేటు దగ్గర ఇస్తాను. ఒక్క అంకె కూడా అబద్ధం ఉండదు, అందుకే అతను ఏమీ చెయ్యలేకపోతున్నాడు. ఇప్పటికి తొమ్మిది మంది మాన్పించారు. అతని దగ్గర ఇంకా ఇరవై ఆరుగురు ఉన్నారు. నాకు ఓపిక ఉంది.

మధ్యాహ్నం రెండు గంటల వేళకి మొదటి వారం మా పిల్లలు నలుగురు వచ్చారు. రెండో వారం ఇద్దరు. డిసెంబరు రెండో తేదీన నేనొక్కదాన్నే బంతి పట్టుకుని అరగంట నిలబడి, హాజరు పుస్తకంలో గీత గీసి వచ్చేశాను.

పోయినవి ఇవి. మ్యాచ్, ఒక్క పాయింటుతో. సాయంత్రం అయిదు నుంచి ఏడు. నూటముప్పై రోజులు. పదకొండు మంది జట్టులో పదకొండు మంది. ముప్పై ఆరు పాయింట్లు వేసిన పివట్ ఒకతె. చేతికొచ్చిన బంతి వెయ్యగలిగిన పిల్ల ఒకతె.